అవ్వ గోలీల డబ్బాల ఎల్లాప్రగడ సుబ్బారావు

ప్రతి ఆదివారం పొద్దుగాల మా అవ్వ ఫోన్ చేస్తది. నా మంచిచెడ్డలు అడిగేతందుకు కాదు, ఆ దినం ఆదివారమా కాదా అని ఖాయం చేసుకునేతందుకు. ఆదివారం నాడు ఆమె ఒక గోలి ఏసుకోవాలె. వారానికి ఒక్కసారే. మిగిలిన దినాలల్ల దాన్ని ముట్టొద్దు. ఆ గోలి చేసే చెరుపును ఆపేతందుకు ఇంకో దినం ఇంకో గోలి ఉన్నది. రెండూ ఒక్కటే స్టీలు డబ్బాల పెట్టుకుంటది.

మా అవ్వకు కీళ్లవాతం. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటరు. కామారెడ్డి దిక్కు మా ఊర్ల ముప్పై ఏండ్లు బీడీలు చుట్టిన చేతులు, ఇప్పుడు పిడికిలి పట్టయి. మూడు నెలలకోసారి ఆమెను తీసుకొని పంజాగుట్టల ఒక పెద్ద దవాఖానకు పోత. ఖైరతాబాద్‌ల మెట్రో ఎక్కితే ఎర్రమంజిల్, పంజాగుట్ట, అమీర్‌పేట వరుసగ వస్తయి. మీల మస్తుమందికి ఈ తొవ్వ ఎరుకే. కోచింగ్ కోసం పోరలు అమీర్‌పేటల దిగుతరు. వాళ్ల అవ్వలు, నాయినలు రోగాలు పట్టుకొని పంజాగుట్టల దిగుతరు.

పోయినసారి లైన్ల కూసున్నప్పుడు మా అవ్వ ఒక మాట అడిగింది. ఈ గోలి కీళ్లల్ల మంటను సల్లార్పుతది గదా, రొమ్ముల ఉన్న మంటను సుత సల్లార్పుతదా అని. ఆమె భయం నాకు ఎరుకే. మా చిన్నాయిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోని పోయిండు. బీడీలు తాగెటోడు. దగ్గు మొదలైతే అందరం టీబీ అనుకున్నం. అట్ల అనుకుంటనే నెలలు గడిచినయి. అవ్వ బీడీ ఎన్నడు నోట్ల పెట్టలే. కాని ముప్పై ఏండ్లు తంబాకు దుమ్ము పీల్చింది, అంతకంటె ఎక్కువ ఏండ్లు కట్టెల పొయ్యి ఊదింది.

నాకు జవాబు తెల్వలే. నేను డాక్టర్ను కాదు, కాలేజీ మొఖం చూసినోణ్ణి కాదు. ఇంటికొచ్చి దొరికిందల్ల సదివిన. సదువుకుంట పోతే ఆ డబ్బాల ఉన్న రెండు గోలీల ఎనుక ఒక్కటే మనిషి దొరికిండు. ఆయన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. అవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు సుత ఆయన ఒకప్పుడు రాత్రి డ్యూటీ చేసిన దవాఖానలనే దొరికింది. అందుకే ఈ వారం ఆయన కథ చెప్తున్న.

సుబ్బారావు 1895 జనవరి 12 నాడు భీమవరంల పుట్టిండు. తండ్రి జగన్నాథం రెవెన్యూల చిన్న కొలువు చేసెటోడు. ఇంట్ల పిల్లలు ఎక్కువ, పైసలు తక్కువ. పదమూడేండ్ల వయసుల సుబ్బారావు ఇల్లిడిసి కాశీ తొవ్వ పట్టిండు. సన్న్యాసం కోసం కాదు, యాత్రకు వచ్చినోళ్లకు అరటిపండ్లు అమ్మి పైసలు చేద్దామని. తల్లి వెంకమ్మ ఎంబడి పడి ఎనుకకు గుంజుకొచ్చి మళ్ల బడిల ఏసింది.

బడిల ఏస్తే సదువు వచ్చిందా అంటే అదీ లేదు. మెట్రిక్ రెండుసార్లు ఫెయిలయిండు. మూడోసారి మద్రాసుల హిందూ హైస్కూల్‌కెల్లి రాసి పాసయిండు. అమీర్‌పేట హాస్టల్ల బ్యాక్‌లాగ్‌లు లెక్కవెట్టుకుంట కూసున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ ముక్క జర యాదిల పెట్టుకోండ్రి.

ఆ తర్వాత రామకృష్ణ మఠంల చేరి సన్న్యాసి అవుత అన్నడు. తల్లి ఒప్పుకోలే. సన్న్యాసం ఆగింది, డాక్టర్ సదువు మొదలైంది. మద్రాస్ మెడికల్ కాలేజీల ఫీజులకు పిల్లనిచ్చిన మామ సాయం చేసిండు. అది గాంధీ పిలుపు ఊరూరు తిరుగుతున్న కాలం. సుబ్బారావు తెల్లోళ్ల బట్ట ఇడిసి ఖద్దరు కట్టిండు. ఆపరేషన్ల గదికి సుత ఖద్దరు అంగీ తొడుక్కొనే పోయిండు. సర్జరీ చెప్పే తెల్ల ప్రొఫెసర్‌కు అది కడుపుల మండింది. రాతపరీక్షలు మంచిగనే రాసినా ఆఖర్ల ఆయనకు దక్కింది ఎంబీబీఎస్ కాదు, దానికంటె చిన్నదైన ఎల్‌ఎంఎస్ పట్టా. ఆ చిన్న పట్టాతోని సర్కారు కొలువు దొరకలే. మద్రాసుల ఆయుర్వేద కాలేజీల పాఠాలు చెప్పేతందుకు చేరిండు.

ఆయన బతుకును మలిపింది పట్టా కాదు, ఇంట్ల సావులు. కొన్ని దినాల తేడాతోని ఇద్దరు అన్నదమ్ములు పోయిండ్రు. రోగం స్ప్రూ, మన పెద్దమనుషులు సంగ్రహణి అంటరు. తిన్నది ఒంటికి పట్టది, రక్తం ఇరిగిపోతది, మనిషి ఎండిపోతడు. ఆ రోగం ఆయనకు సుత తగిలింది గాని ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతోని బతికి బయటపడ్డడు. తనను బతికిచ్చింది ఏంది, అన్నదమ్ములకు అందంది ఏంది అన్న ప్రశ్న మాత్రం ఆయనను ఇడిసిపెట్టలే.

1920ల మొదట్ల అమెరికా ఓడ ఎక్కిండు. మామ కొన్ని పైసలిచ్చిండు, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొన్ని ఇచ్చింది. పోయేనాటికి భార్య శేషగిరి కడుపుతోని ఉన్నది. మూడేండ్లల్ల వస్త అనుకొని పోయినోడు మళ్ల ఈ మట్టి తొక్కలే. ఆయన పోయినంక పుట్టిన కొడుకు తండ్రి మొఖం చూడకుండనే పసితనంల పోయిండు. సుబ్బారావును దేవుణ్ణి చేసి రాసెటోళ్లు శేషగిరమ్మ ముచ్చట ఒక్క వాక్యంల దాటేస్తరు. ఆ శాస్త్రానికి ఆమె కట్టిన కిరాయి సుత లెక్కల రాయాలె.

బోస్టన్ నగరంల హార్వర్డ్‌ల సదువుకు చేరిండు. జేబుల పైసలు లేవు. బతుకుదెరువుకు పీటర్ బెంట్ బ్రిగమ్ అనే దవాఖానల రాత్రిపూట పోర్టర్ పని పట్టుకున్నడు. మంచాల మీది రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తిపోసుడు ఆ పనిల ఒక భాగం. డాక్టర్ పట్టా ఉన్నోడు చేసిండు ఆ పని. ఈ దవాఖాన పేరు యాదిల పెట్టుకోండ్రి, ఆఖర్ల మళ్ల అక్కడికే పోదాం.

హార్వర్డ్‌ల సైరస్ ఫిస్క్ అనే ఆయన తోని కలిసి పనిచేసిండు. రక్తంల, మూత్రంల భాస్వరం ఎంతున్నదో కొలిచే పద్ధతి ఇద్దరు కలిసి 1925ల బయటపెట్టిండ్రు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ సదివెటోళ్లకు ఎరుకే. కండరాలల్ల శక్తి దాసుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నరు. 1929ల ఏటీపీ గురించి రాసిండ్రు. కణం ఏ పని చేసినా ఖర్చు పెట్టే చిల్లర పైసలు ఆ ఏటీపీ. అదే ఏడు జర్మనీల లోమాన్ అనే శాస్త్రవేత్త సుత సొంతంగ కనిపెట్టిండు. ఇంత చేసినా హార్వర్డ్ సుబ్బారావుకు పక్కా కొలువు ఇయ్యలే.

1940ల న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌ల ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి పోయిండు. రెండేండ్లల్ల అక్కడి పరిశోధనలకు డైరెక్టర్ అయిండు. ఇక్కడ ఆయన పాత ప్రశ్నకు జవాబు దొరికింది. 1930 దరిదాపుల లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ బొంబాయిల మిల్లు కూలి ఆడోళ్ల రక్తహీనత మీద పనిచేసింది. కడుపుతోని ఉన్న ఆడోళ్లకు ఈస్ట్ తినిపిస్తే రక్తం పెరుగుడు చూసింది. ఆ ఈస్ట్‌ల ఉన్న గుణం ఫోలిక్ యాసిడ్. దాన్ని ఫ్యాక్టరీల తయారుచేసే తీరుగ 1945 నాటికి బయటికి తెచ్చింది సుబ్బారావు బృందం. సంగ్రహణిల రక్తం ఇరుగుడుకు అదే మందు. అన్నదమ్ములు పోయిన ఇరవై ఏండ్లకు పైన మందు దొరికింది. అంగన్‌వాడీల గర్భిణులకు ఐరన్‌తోని కలిపి ఇచ్చే గోలిల ఉన్నది అదే. మా అవ్వ డబ్బాల రెండో గోలి అదే.

బోదకాలు రాకుండ ఆశా అక్కలు ఇంటింటికి తిరిగి మింగిచ్చే డీఈసీ గోలి సుత ఆయన లాబొరేటరీకెల్లే వచ్చింది, 1947ల. ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్‌ను పట్టుకున్నది మాత్రం బెంజమిన్ డగ్గర్, సుబ్బారావు నడిపిన సంస్థల. ఈ తేడా చెప్పాలె. వాట్సాప్‌ల ఆయన పేరుమీద అన్నీ ఒక్కడే కనిపెట్టినట్టు, క్యాన్సర్‌ను మాయం చేసినట్టు తిప్పుతున్నరు. ఆయన పెద్దతనానికి అబద్ధం ఆసరా అక్కర్లే.

ఇగ మొదటి గోలి కథ. కణం రెండు కావాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలె. క్యాన్సర్ కణం ఆగకుండ రెండవుతనే ఉంటది గనుక దానికి ఇంకా ఎక్కువ కావాలె. మరి ఫోలిక్ యాసిడ్ లెక్కనే కనపడి, కణాన్ని మోసంజేసి, దాని పని ఆపే మందు చేస్తే ఎట్లుంటది? బోస్టన్ల పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు సుబ్బారావు బృందం అట్లాంటి మందే చేసి పంపింది. పేరు అమినోప్టెరిన్. రక్త క్యాన్సర్‌తోని ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి కొన్నాళ్లు గుణం కనపడ్డది. పూర్తిగ నయం కాలే. కాని అప్పటిదాక ఆ రోగం ముంగట చేతులు కట్టుకొని నిలబడ్డ వైద్యానికి మొదటిసారి ఒక తొవ్వ కనపడ్డది. ఆ ఫలితాలు 1948 జూన్‌ల అచ్చయినయి. ఆగస్టుల సుబ్బారావు నిద్రలనే గుండె ఆగి పోయిండు. వయసు 53. అమెరికా పౌరసత్వం లేకుండనే పోయిండు.

అమినోప్టెరిన్‌కు తమ్ముడి అసోంటి మందు మెథోట్రెక్సేట్. క్యాన్సర్‌కు పెద్ద మోతాదుల ఇస్తరు. చిన్న మోతాదుల ఇస్తే కీళ్లల్ల మంటను తగ్గిస్తదని మెల్లగ తేలింది. 1951లనే న్యూయార్క్‌ల కొంతమంది కీళ్లవాతం రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూసిండ్రు. 1988ల అమెరికాల మెథోట్రెక్సేట్‌కు కీళ్లవాతం మందుగ అనుమతి వచ్చింది. ఇయ్యాల ప్రపంచమంత కీళ్లవాతానికి మొదట రాసే మందు అదే. చవకది సుత. అది ఎట్ల పనిచేస్తదంటే, ఒంట్ల అడినోసిన్ అనేదాన్ని పెంచి మంటను సల్లార్పుతదని శాస్త్రవేత్తలల్ల ఎక్కువమంది అనుకుంటరు. అడినోసిన్ అంటే ఏటీపీ ఇరిగితే వచ్చే ముక్క. సుబ్బారావు 1929ల రాసిన ఏటీపీ ఇక్కడ సుత ఎదురైంది.

ఇక్కడ నా ఇంటి ముచ్చట ఒకటి చెప్పాలె. మూడేండ్ల కింద మందుల దుకాణంల అవ్వకు వారానికోసారి అన్న చీటీని దినానికోసారి అని చెప్పి పంపిండ్రు. నేను సుత చూసుకోలే. పది దినాలకు నోరంత పుండ్లయినయి, జరమొచ్చింది, రక్తకణాలు పడిపోయినయి. దవాఖానల పండబెట్టి ఫోలినిక్ యాసిడ్ సూదులిచ్చి బతికిచ్చిండ్రు. అది ఫోలిక్ యాసిడ్‌కు చుట్టమే. మీ ఇంట్ల ఎవరికన్న ఈ గోలి ఉంటే డబ్బా మీద ఏ వారమో పెద్ద అక్షరాలతోని రాయుండ్రి. సదువు రానోళ్లుంటే ఆ దినం మీరే ఫోన్ చేయుండ్రి.

ఇగ అవ్వ ప్రశ్నకు వద్దాం. కాలుకు ముల్లు ఇరిగితే ఆ చోటు ఎర్రగయితది, వాస్తది, సలుపుతది. ఒంట్ల కాపలా కణాలు ఉరికొచ్చి కొట్లాడుతున్నట్టు లెక్క. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటరు. ముల్లు తీస్తే వాపు దిగుతది. మరి ముల్లు దినాం ఇరుగుతుంటే? బీడీ పొగ, పొయ్యి పొగ, లారీ పొగ ఊపిరితిత్తులకు దినాం ఇరిగే ముల్లు. అక్కడ కొట్లాట ఒడువదు. కాపలా కణాలు ఇడిసే విషాలు మన కణాలకే తగులుతయి. చెడిపోయిన చోట కొత్త కణాలు పుడుతనే ఉంటయి. పుట్టిన ప్రతిసారి జన్యువుల నకలు రాయాలె, నకలుల తప్పు పడుతది. తప్పులు పేరుకుంటే ఒక దినం క్యాన్సర్. 1863లనే జర్మనీల విర్కో అనే డాక్టర్ గడ్డలల్ల తెల్ల రక్తకణాలు చూసి, మంటకు క్యాన్సర్‌కు సంబంధం ఉన్నదని అనుమానపడ్డడు. పాత టీబీ మచ్చలున్నోళ్లకు, ఏండ్లకొద్ది దమ్ము రోగం ఉన్నోళ్లకు, మా అవ్వ లెక్క కీళ్లవాతం ఉన్నోళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మిగిలినోళ్లకంటె ఎక్కువని పరిశోధనలు చెప్తున్నయి.

మంటను ఆర్పితే ఆ ముప్పు తగ్గుతదా? ఒకసారి గుండెపోటు వచ్చి, రక్తంల మంట గుర్తు ఎక్కువున్న 10,061 మంది మీద ఒక పెద్ద పరీక్ష జరిగింది. మంట కబురు మోసే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్ సూది మూడు నెలలకోసారి ఇచ్చిండ్రు. గుండె కోసం చేసిన పరీక్ష అది. 2017ల లెక్కలు చూస్తే, ఎక్కువ మోతాదు తీసుకున్నోళ్లల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడింట రెండొంతులు తక్కువ పడ్డది. అట్లని అది మందయిపోలే. ఆ సూదితోని ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగినయి, ధర లక్షలల్ల ఉంటది. క్యాన్సర్ అప్పటికే వచ్చినోళ్లకు ఇచ్చి చూస్తే అనుకున్న ఫలితం రాలే.

ఆ డాక్టర్లే ఇంకో పరీక్ష నడిపిండ్రు. ఈసారి సూది కాదు, చవక గోలి. సుబ్బారావు కొలువుల పుట్టిన మెథోట్రెక్సేట్, మా అవ్వ లెక్కనే వారానికోసారి. గుండెజబ్బు ఉన్న 4,786 మంది మీద. ఫలితం 2018ల వచ్చింది. ఆ గోలి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను తగ్గియ్యలే, గుండెపోట్లను ఆపలే. కొన్ని తీర్ల చర్మ క్యాన్సర్లు జర పెరిగినట్టు సుత కనపడ్డది.

ఈ రెండు పరీక్షలను నడిపిచ్చింది బోస్టన్ల బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్. పాత పీటర్ బెంట్ బ్రిగమ్ దవాఖాన కలిసి తయారైంది అదే. సుబ్బారావు రాత్రులు రోగుల గిన్నెలు ఎత్తిన చోటు. గుండె ఆగి పోయిన మనిషి ఇచ్చిపోయిన గోలి, ఇంకొకరి గుండెను కాపాడుతదా అని డెబ్బై ఏండ్లకు అక్కడి డాక్టర్లే పరీక్ష పెట్టిండ్రు. కాపాడలేదని నిజం చెప్పిండ్రు.

అవ్వకు నేను అదే చెప్పిన. ఈ గోలి నీ వేళ్లకే అవ్వా, నీ రొమ్ముకు కాదు. ఒంట్ల మంటలన్నీ ఒక్క తీరుగ లేవు, ఒక్క నీళ్లతోని ఆరవు. అట్లని గోలి బందు పెట్టొద్దు, వేళ్లు మళ్ల బిగుసుకుంటయి. ఇంకో ముచ్చట ఉన్నది. అరుదుగ ఈ గోలే ఊపిరితిత్తులకు వాపు తెస్తది. పొడిదగ్గు, ఆయాసం కొత్తగ మొదలైతే డాక్టర్‌కు చెప్పాల్సిందే.

మరి రొమ్ముల మంటకు మందేంది? ముల్లు తీసుడే. 2023ల లండన్ శాస్త్రవేత్తలు ఒక ముచ్చట తేల్చిండ్రు. మంచిగున్న ఊపిరితిత్తులల్ల సుత తప్పు రాతలున్న కణాలు కొన్ని నిద్రపోతుంటయి. గాలిల సన్న దుమ్ము లోపలికి పోతే కాపలా కణాలు అదే ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఇడుస్తయి, నిద్రపోయినవి లేస్తయి. ఎలుకలల్ల ఆ కబురును అడ్డుకుంటే గడ్డలు తగ్గినయి. పొగ తాగనోళ్లకు ఈ క్యాన్సర్ ఎందుకొస్తదో అర్థమయ్యే తొవ్వ ఇది. పంజాగుట్ట చౌరస్తాల సిగ్నల్ కాడ నిలబడే పోలీసన్న బీడీ తాగకపోవచ్చు, కాని ఆయన ముల్లు ఆయనకున్నది. పత్తి కట్టె, కొయ్యకాళ్లు కాలబెట్టే మన చేన్ల కాడ మన ముల్లు మనకున్నది.

అందుకే నేను అడిగేది రెండు దిక్కులు. సర్కారును అడిగేది, బీడీలు చుట్టే ఆడోళ్లకు రొమ్ము పరీక్షలు పక్కాగ చేయాలె, వేరే పని చూపియ్యాలె. పొయ్యి ఊదే ఇంటికి గ్యాస్ బండ కొనే ధరకు రావాలె. గాలి అందరిది, దాన్ని బాగుచేసే ఖర్చు కూలోడి నెత్తిన పెట్టొద్దు. మిమ్మల్ని అడిగేది, రెండు వారాలు దాటిన దగ్గును దుకాణం సిరప్‌తోని ఎల్లదీయొద్దు. తెమడ పరీక్ష చేయిపియ్యుండ్రి. తెమడల టీబీ పురుగు కనపడకుండనే గోలీలు మొదలుపెట్టి, రెండు నెలలైనా గుణం లేకుంటే, సీటీ స్కాన్ కావాలా అని డాక్టర్‌ను అడుగుండ్రి. తెమడల రక్తం పడితే ఒక్క దినం ఆగొద్దు. అమీర్‌పేట దాటి అదే మెట్రోల పోతే ఎర్రగడ్డ, అక్కడ సర్కారు ఛాతీ దవాఖాన ఉన్నది. మా చిన్నాయిన కోసం మేం అడగని ప్రశ్నలు ఇవి.

సుబ్బారావుకు ఇద్దరు అన్నదమ్ముల సావు ఒక ప్రశ్న ఇచ్చింది. దాన్ని పట్టుకొని ఆయన సముద్రాలు దాటిండు. మనం అంత దూరం పోనక్కర్లే. అవ్వ దగ్గుతుంటే ఎన్ని దినాలనుంచి అని అడిగితే సాలు.

ఈ ఆదివారం సుత ఫోన్ వచ్చింది. అవునవ్వా, ఆదివారమే అన్న. కట్టెల పొయ్యిని ఆకిట్లకు మార్చిన అని చెప్పింది.